సగటు ముక్కు

నా మొహమ్మీద ఉన్న ముక్కు ఒక ఏడాది పాటు ప్రభుత్వ ఆస్తిగా ఉండేది. దాన్ని జాగ్రత్తగా మోసుకు తిరగడం వరకే నా పని. గొప్పకి చెబుతున్నానని అనుకోకండి. ఆ మేరకు ఆర్డరు ఉంది, జిరాక్సు కాపీ మా ఇంట్లో బీరువాలో ఉంది.

మా ఆఫీసు పేరు వరాహ ఆరోగ్య, విసర్జిత పర్యావరణ పరిశోధన కేంద్రం. విజయనగరం బస్సు దిగి రెండు మైళ్లు లోపలికి నడిస్తే వస్తుంది. చుట్టుపక్కల వాళ్లకి అంత ఊపిరి లేక పందులాఫీసు అంటారు. మూడు వందల పందులు, ఇరవై ఇద్దరు ఉద్యోగులు. పందులకి రోగాలు రాకుండా ఎలా చూడాలి, వాటి పెంట వల్ల నేలా నీరూ గాలీ పాడవకుండా ఏం చెయ్యాలి అన్నది అక్కడి పరిశోధన. నేను సీనియర్ అసిస్టెంటుని, పేరు గౌరీపతి. అక్కడ చేరి ఏడేళ్లయినా పందుల షెడ్డులోకి ఒక్కసారీ వెళ్లలేదు. పందుల గురించి నాకు తెలిసిందంతా ఫైళ్లలో చదివిందే.

చక్రధరరావు గారని కొత్త డైరెక్టరు వచ్చారు. వచ్చిన వారంలోనే ఆఫీసులో ‘పంది’ అన్న మాట వినపడకూడదన్నారు. వరాహం అనాలి. పెంటని విసర్జితం అనాలి. మేం అలవాటు పడుతూ ఉండగానే రైస్‌మిల్లు కాలనీ వాళ్ల దగ్గర్నుంచి అర్జీ వచ్చింది. మీ పెంట గోతుల కంపుకి అన్నం సయించడం లేదు, పిల్లలు కిటికీలు మూసుకుని చదువుకుంటున్నారు, ఏదో ఒకటి చెయ్యండి అని అందులో రాశారు. నలభై ముగ్గురు సంతకాలు పెట్టారు.

వెంటనే మీటింగు పెట్టారు డైరెక్టరు గారు.

“దుర్గంధం అనేది ఒక అభిప్రాయం. అభిప్రాయాన్ని అంకెగా మార్చినప్పుడే అది శాస్త్రం అవుతుంది” అన్నారు.

వాసనని అంకెల్లోకి మార్చే యంత్రం మాకు లేదు. యంత్రం లేనిచోట మనుషుల ముక్కులు వాడుకోవచ్చని మార్గదర్శకాల పుస్తకంలో ఉంది. ఐదుగురిని ఎంపిక చెయ్యాలి. వాళ్లు వాసన చూసి సున్నా నుంచి పది దాకా అంకె వెయ్యాలి. ముక్కు మరీ మొద్దుగా ఉండకూడదు, మరీ చురుగ్గానూ ఉండకూడదు, సగటు మానవుడి ముక్కు అయి ఉండాలి. ఆ ఐదుగురికి డైరెక్టరు గారు అక్కడికక్కడే ‘ఘ్రాణ మండలి’ అని పేరు పెట్టేశారు.

ఎంపిక మూడు రోజులు జరిగింది. బల్లమీద మూడు గాజు గొట్టాలు పెట్టేవారు. ఒకదాన్లో స్పిరిట్ లాంటి మందు రవ్వంత కలిపిన గాలి, మిగతా రెండిట్లో ఉత్త గాలి. ఏ గొట్టంలో వాసన ఉందో చెప్పాలి. చెప్పలేకపోతే మందు కొంచెం పెంచి మళ్లీ చూపిస్తారు. ఏ విడతలో కనిపెట్టామన్న దాన్ని బట్టి ముక్కు స్థాయి.

షెడ్లు కడిగే మరిడమ్మ కూడా వచ్చింది. కేంద్రం పెట్టినప్పటి నుంచీ పందులతోనే ఉంది. వెటర్నరీ డాక్టరు నూకరాజు గారు పట్టుబట్టి తీసుకొచ్చారు.

“ఏమ్మా, ఏ గొట్టంలో వాసన ఉంది?” అని అడిగారు డైరెక్టరు గారు.

ఆమె మూడూ చూసింది. “మూడిట్లోనూ ఉంది బాబూ. ఈ సివర్దాన్లో మందుంది. మద్దిన దాన్లో రబ్బరు వోసన. ఈ మొదట్ది కడిగినోలు పొద్దున్న ఎండుసేపల కూర తిన్నారు.”

గొట్టాలు కడిగింది నూకరాజు గారు. ఆయన తల వంచుకున్నారు.

డైరెక్టరు గారు కళ్లజోడు సవరించుకుని, ఆమె పేరు ఎదురుగా ‘అతి ఘ్రాణం, అనర్హురాలు’ అని రాశారు. సగటు మానవుడికి తెలియని వాసన తెలిసే ముక్కు వల్ల శాస్త్రానికి ప్రమాదం అని మాకు వివరించారు.

నా వంతు వచ్చింది. మొదటి మూడు విడతల్లో నాకేమీ తెలియలేదు. నాలుగోసారి తెలిసింది. మొత్తం విడతలు ఏడు. డైరెక్టరు గారు లేచి వచ్చి నాకు కరచాలనం చేశారు.

“గౌరీపతీ, మీ ముక్కులో ఏ ప్రత్యేకతా లేదు. ఇలాంటిది దొరకడం చాలా కష్టం” అన్నారు.

నా జన్మలో ఒక పై అధికారి నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఇంటికెళ్లేదాకా అద్దంలో చూసుకోవాలన్న కోరిక ఆపుకోలేకపోయాను.

మర్నాడు ముక్కు నియమావళి వచ్చింది. టైపు చేసింది నేనే. సభ్యుడి నాసిక కేంద్రం యొక్క ఆస్తి, సభ్యుడు దాని సంరక్షకుడు మాత్రమే. వెల్లుల్లి, ఇంగువ, ఎండు చేపలు, అగరొత్తులు, మల్లెపూలు ఉన్న గదిలో సంరక్షకుడు కూర్చోరాదు. జలుబు చేయదలచిన పక్షంలో పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇలా ముప్పై ఒకటి ఉన్నాయి.

మా ఆవిడ ఆసాంతం చదివింది. “మీ ముక్కు ఎప్పుడు ఆఫీసుకి వెళ్తుందో, ఎప్పుడు ఇంటికి వస్తుందో చెప్పండి. ఆ మధ్యలో ఎండురొయ్యలు వండుకుంటాను” అంది. ఆ ఏడాదంతా మా ఇంట్లో పోపు లేదు. నేను ఆస్పత్రి రోగిలా పెసరకట్టు తిన్నాను.

నన్నూ, స్టోర్‌కీపర్నీ, డ్రైవర్నీ, ఇంకో ఇద్దర్నీ ఎంపిక చేశారు. మమ్మల్ని ఐదుగుర్నీ కూర్చోబెట్టడానికి షెడ్లకి దూరంగా ఒక గది కేటాయించి ఏసీ పెట్టారు. అంతకు ముందు అందులో పందుల టీకాలు దాచేవారు. టీకాల్ని వరండాలోకి మార్చారు. షెడ్ల దగ్గరి గాలిని ప్లాస్టిక్ సంచుల్లోకి పట్టి మా దగ్గరికి తీసుకొచ్చేవారు. మొదటి రోజు సంచి విప్పగానే స్టోర్‌కీపరు ముక్కు ఉన్న మనిషి, అంటే స్టోర్‌కీపరే, కిటికీలోంచి వాంతి చేసుకున్నాడు. ప్రభుత్వ ఆస్తికి నష్టం జరిగింది. డైరెక్టరు గారు కంగారుపడి, ఇకమీదట ప్రతి సంచిలోని గాలికీ వెయ్యి రెట్లు మంచి గాలి కలిపి తేవాలని ఆర్డరు వేశారు.

ఆ తర్వాత మాకు ఇబ్బంది లేదు. పొద్దున్న పది సంచులు, సాయంత్రం పది సంచులు వాసన చూసేవాళ్లం. సున్నా, సున్నా, సున్నా అని వేసేవాళ్లం. మూడు నెలలయ్యేసరికి మా కేంద్రంలో దుర్గంధం లేదని రుజువైపోయింది. డైరెక్టరు గారు ఏదో సదస్సుకి వెళ్లి ఆ అంకెలు చదివి, షీల్డు పట్టుకొచ్చారు.

షీల్డు వచ్చిన వారమే కాలనీ ఆడవాళ్లు పదిహేను మంది కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకుని వచ్చారు. డైరెక్టరు గారు వాళ్లని కూర్చోబెట్టి మంచినీళ్లిప్పించారు.

“మీ ఆవేదన నాకు అర్థమైంది. అయితే మీ ముక్కులకి ధ్రువీకరణ ఉందా?” అని అడిగారు.

“ముక్కులున్నాయి బాబూ” అంది వాళ్లలో పెద్దావిడ.

“ఉండటం వేరు, ధ్రువీకరణ వేరమ్మా.”

వాళ్లు వెళ్లిపోయాక గేటు బయట బోర్డు పెట్టించారు. ‘ధ్రువీకరణ లేని వ్యక్తులు ఈ పరిసరాల్లో వాసన చూడరాదు’ అని. ఆ అక్షరాలు రాసిన పెయింటరు పని చేసినంతసేపూ ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాడు. నిబంధన పాటించిన మొదటి మనిషి అతనే.

ఇంతలో పందుల మందుల వాడకం తగ్గించాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఆ మాటలో తప్పేం లేదు. ప్రతి తుమ్ముకీ ఇంజక్షను పొడవకూడదని నూకరాజు గారు కూడా ఎప్పుడూ అంటూనే ఉండేవారు. కానీ డైరెక్టరు గారు సదస్సులో ఇంకో మాట విని వచ్చారు. పెంట వాసనలో మార్పు బట్టి పంది ఆరోగ్యం చెప్పొచ్చట. ఆయన ఆ రెంటినీ కలిపారు. ఘ్రాణ మండలి వేసే అంకె మూడు దాటితేనే మందుల గది తాళం తియ్యాలి. తాళంచెవి మండలి కార్యదర్శి దగ్గర ఉండాలి. కార్యదర్శిని నేనే.

ఆర్డరు వచ్చిన తొమ్మిదో రోజు మరిడమ్మ మా ఏసీ గది కిటికీ అద్దం మీద వేలితో కొట్టింది. సంచులు చూడటం అయ్యేదాకా నేను బయటికి రాకూడదు కనుక అద్దం బెత్తెడు తెరిచాను.

“బాబూ, నాలుగో సెడ్డులో సుక్క పెంట వోసన మారిపోనాది” అంది.

చుక్క అంటే నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ఆడపంది. ఈని పది రోజులైంది. పదకొండు పిల్లలు.

“ఎలా మారింది?”

“నిన్న పుల్లగుండీది. ఇయాల దాన్లో ఇనపతుప్పు వోసన కలిసింది. పిల్లలకి పారుడు వొచ్చీస్తాది బాబూ. మందు పడకపోతే నిలబడవు. పక్క సెడ్డులకీ పాకిపోద్ది.”

నూకరాజు గారిని పిలిచాను. ఆయన అద్దం అవతల నిలబడి, “ఈమె ఇలా చెప్పడం నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు గౌరీపతి గారూ, ఒక్కసారీ తప్పలేదు. పెంట ల్యాబుకి పంపించాను, రిపోర్టుకి మూడు వారాలంటున్నారు. మీరు తాళంచెవి ఇవ్వండి” అన్నారు.

తాళంచెవి నా జేబులోనే ఉంది. అంకె లేదు. పొద్దుటి సంచులు అయ్యాక ముగ్గురం డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లాం.

ఆయన ఓపిగ్గా విన్నారు. నాలుగో షెడ్డు గాలి సంచి తెప్పించి, వెయ్యి రెట్లు మంచి గాలి కలిపించి, ఐదుగురి చేతా వాసన చూపించారు. ఐదు సున్నాలు వచ్చాయి.

“చూశావామ్మా, మండలి ఏకగ్రీవంగా ఉంది” అన్నారు మరిడమ్మతో.

“బాబూ, ఆ సంచీలో మా సుక్క నేదు. ఏసీ గాలుంది.”

“వ్యక్తిగత అనుభూతులకి ప్రోటోకాల్లో తావు లేదమ్మా” అన్నారాయన, ఏమాత్రం కోపం లేకుండా. కోప్పడి ఉంటే బాగుండేది.

మర్నాటికి పిల్లలకి పారుడు మొదలైంది. తోకల వెంబడి పచ్చగా కారుతోంది. నూకరాజు గారు డైరెక్టరు గదిలోకి దాదాపు పరిగెత్తుకు వెళ్లారు.

“కంటికి కనిపిస్తోంది సార్.”

“కన్ను ఈ ప్రోటోకాల్లో లేదు డాక్టర్.”

మధ్యాహ్నానికి రెండు పిల్లలు చచ్చిపోయాయి. మరిడమ్మ వాటిని గోనెసంచిలో చుట్టి తెచ్చి, మా ఏసీ గది మెట్ల మీద పెట్టింది. అద్దంలోంచి నాకేసి చూసింది, అంతే. లోపల మేం ఐదుగురం సాయంత్రం సంచుల కోసం కాచుకుని ఉన్నాం. నాకు సిగ్గేసింది. చల్లటి గదిలో కూర్చుని చెమటలు పట్టడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

నియమావళిలో పదిహేడోది, నా చేత్తో నేను టైపు చేసిందే, జ్ఞాపకం వచ్చింది. అత్యవసర పరిస్థితిలో ఒక సభ్యుడు నేరుగా వాసన చూసి వేసిన అంకె చెల్లుతుంది. తలుపు తీసుకుని బయటికొచ్చాను. వెనకాల నుంచి స్టోర్‌కీపరు, “గౌరీపతి గారూ, ముక్కు, ముక్కు” అని కేకేశాడు.

నాలుగో షెడ్డులో అడుగుపెట్టగానే కడుపులో పెసరకట్టంతా పైకి వచ్చింది. కళ్లలోంచి నీళ్లు కారాయి. చుక్క ఒక పక్కకి ఒరిగి పడుకుంది. తొమ్మిది పిల్లలు దాని పొట్టకి కరుచుకుని, పాలు తాగే ఓపిక లేక ఊరికే మూతులు ఆనించి ఉన్నాయి.

“ఏటి తెలిసింది బాబూ?” అని అడిగింది మరిడమ్మ.

“కంపు కొడుతోందమ్మా. అంతకన్నా ఏం తెలియడం లేదు.”

“అది పైది. అది అందరికీ తెలుస్తాది. దాన్ని ఒగ్గీండి. ఊపిరి పట్టి, మెల్లిగా ఒదిలి, మళ్లీ సూడండి. అడుగున ఇరిగిన పాల వోసన ఉంటాది. దానడుగున ఇనుము.”

చూశాను. మళ్లీ చూశాను. నాలుగోసారి విరిగిన పాలు తెలిసినట్టే అనిపించింది. ఇనుము తెలియలేదు. నిజం చెప్పాలంటే విరిగిన పాలు కూడా ఆమె చెప్పింది కాబట్టే తెలిసిందేమో. అయినా అక్కడే గోడకి ఫారం ఆనించి పది అంకె వేసి, ‘విరిగిన పాలు, ఇనుపతుప్పు’ అని రాసి సంతకం పెట్టాను. నూకరాజు గారి చేతిలో తాళంచెవి పెట్టాను. ఆయన మందులతో, మరిడమ్మ ఉప్పునీళ్ల గొట్టంతో, చీకటి పడేలోగా తొమ్మిదింటికీ వైద్యం చేశారు. చుక్కని పిల్లలతో సహా దూరంగా ఉన్న ఖాళీ షెడ్డుకి మార్చారు. నాలుగో రోజుకి పిల్లలు లేచి ఒకదాన్నొకటి తోసుకుంటూ పాలు తాగాయి. తొమ్మిదీ బతికాయి. రోగం పక్క షెడ్లకి పాకలేదు.

ఐదో రోజు నాకు ఛార్జి మెమో వచ్చింది.

ప్రభుత్వ నాసికని నేరుగా దుర్గంధానికి గురిచేయడం మొదటి అభియోగం. రెండోది చాలా తెలివిగా ఉంది. ఇనుపతుప్పు వాసన సగటు ముక్కుకి తెలిసేది కాదు. అది నాకు తెలిసిందంటే నాది సగటు ముక్కు కాదు, ఆ సంగతి దాచిపెట్టి మండలిలో చేరాను. తెలియలేదంటే నాది తప్పుడు రిపోర్టు, మందులు వాడటం అక్రమం, డాక్టరు గారూ దోషే. ఏ జవాబు రాసినా ఎవరో ఒకరు మునిగిపోతారు. నేను జవాబు రాయకుండా వారం గడిపాను. మరిడమ్మ రోజూ వచ్చి, “నాను సెప్పీసినానని రాసీండి బాబూ, నన్ను పన్లోంచి తీసెస్తే తీసెయ్యనీండి” అనేది. అది మాత్రం నేను రాయదలచుకోలేదు.

డైరెక్టరు గారే విచారణ జరిపారు. నిజం శాస్త్రీయంగా తేలాలన్నారు. నాలుగు షెడ్ల పెంటలు నాలుగు బకెట్లలో తెప్పించారు. ఐదోది పెంట గోతిలోంచి ముంచింది. ఈసారి మంచి గాలి కలపలేదు. ఐదుగురం ఆరుబయట వరసగా నిలబడ్డాం. మరిడమ్మ ఒక్కొక్క బకెట్టూ ఎత్తి పట్టుకుని మా ముందుకి తెస్తుంది. మేం వాసన చూసి ఒకరిది ఒకరు చూడకుండా అంకె వెయ్యాలి.

మొదటి బకెట్టుకి మాకు కళ్లు తిరిగాయి. ఆ ఘాటులో ఏం తెలుస్తుంది? నేను మరిడమ్మ మొహం చూశాను. కనుబొమలు మామూలుగా ఉన్నాయి. రెండు వేశాను. రెండో బకెట్టు దగ్గర పెదవి కొద్దిగా పక్కకి తిరిగింది. ఐదు వేశాను. గోతి బకెట్టుకి మొహమంతా ముడుచుకుంది. తొమ్మిది వేశాను.

కాగితాలు విప్పి చూశారు. ఐదుగురివీ ఐదు బకెట్లకీ ఒకటే అంకెలు. మిగతా నలుగురూ ఎక్కడ చూస్తూ నిలబడ్డారో నాకు అప్పుడర్థమైంది.

డైరెక్టరు గారి మొహం వెలిగిపోయింది. “ఐదు ముక్కుల మధ్య తేడా సున్నా. ఇది ఎక్కడా జరగలేదు” అన్నారు. తర్వాత కాసేపు ఆలోచించి, మరిడమ్మని అటు తిరిగి నిలబడమన్నారు. మళ్లీ అవే బకెట్లు చూపించారు. గోతి బకెట్టుకి నాది ఏడు, డ్రైవరుది ఒకటి, స్టోర్‌కీపరు మళ్లీ వాంతి. మరిడమ్మని ఇటు తిప్పారు. అంకెలు కలిశాయి. ఎంతైనా ఆయన శాస్త్రవేత్త. ఆయనకి విషయం తెలిసిపోయింది.

అయితే మరిడమ్మని మండలిలోకి తీసుకునే వీల్లేదు. అతి ఘ్రాణం, అనర్హురాలు అని ఆయనే రాశారు. రాసింది కొట్టెయ్యడమంటే ఎంపికంతా తప్పని ఒప్పుకోవడం. షీల్డు వెనక్కివ్వాలి. ఆయన రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. మూడో రోజు ఆర్డరు వచ్చింది. ఆమెని మనిషిగా తీసుకోలేం కాబట్టి, ‘ముఖకవళికా ఘ్రాణ సూచిక పరికరం, ఒకటి’ కింద తీసుకున్నారు. ఐదుగురు సభ్యులూ పరికరం చూసి అంకె వేసే ఆపరేటర్లు. పరికరం సూచించిన వెంటనే మందుల గది తాళం తియ్యాలి, వేరే అనుమతి అక్కర్లేదు. నా రిపోర్టు పరికరం ఆధారంగా రాసింది కనుక నా మీద అభియోగాలు కొట్టేశారు. డాక్టరు గారూ బయటపడ్డారు. గోతుల దగ్గర పరికరం తొమ్మిది చూపించింది కనుక, నెల తిరక్కుండా గోతులకి మూతలు వేయించి, పెంటని ఎరువు కింద మగ్గబెట్టడం మొదలుపెట్టారు. కాలనీ కిటికీలు తెరుచుకున్నాయి. ఇదంతా తన నాయకత్వంలో జరిగిందని డైరెక్టరు గారు ఇంకో సదస్సుకి వ్యాసం రాసుకుంటున్నారు.

స్టాకు రిజిస్టరులో ఎక్కించే పని నాది. వస్తువు పేరు, సంఖ్య, ఉంచిన చోటు, పరిస్థితి అని కాలమ్‌లు ఉన్నాయి. పరిస్థితి దగ్గర ‘బాగున్నది’ అని రాస్తుంటే మరిడమ్మ వచ్చి బల్లకి ఇవతల నిలబడింది. ఆమెకి కూడబలుక్కుని చదవడం వచ్చు. వేలు పెట్టి ఆ వరసంతా మెల్లిగా చదువుకుంది.

“ఇందల నాను మనిసినని ఎక్కడా రాయనేదేటి బాబూ?” అంది.

“ఆ కాలమ్ లేదు మరిడమ్మా.”

నా సర్వీసులో ఇంత నిజమైన మాట నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పి ఇంత సిగ్గుపడిందీ లేదు. ఆమె ఏమంటుందోనని తల దించుకున్నాను.

“సర్లెండి. మందు టయానికి పడతాది గదా” అని, చీపురు తీసుకుని షెడ్ల వైపు వెళ్లిపోయింది.

రెండో షెడ్డు ముందు ఆగింది. గాలి పీల్చింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. చెట్టుకింద టీ తాగుతున్న నూకరాజు గారు అది చూసి, గ్లాసు అక్కడే పెట్టేసి, ఎవర్నీ ఏ కాగితమూ అడక్కుండా మందుల సంచి కోసం లేచారు. నేను రిజిస్టరు మూసి తాళంచెవి పట్టుకుని ఆయన వెనకాలే వెళ్లాను.